సేకరణ పేరుతో పోతున్న పాట

పాట హిట్టయితేనే మీ భాష బతుకుతుందని ఈ మధ్య మాకు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. యూట్యూబ్ చానెల్ పెట్టిన తమ్ముళ్లు చెబుతున్నారు. పండుగలకు ముఖ్య అతిథులుగా వచ్చే అధికారులు చెబుతున్నారు. మైకులు, కెమెరాలు పట్టుకుని గూడేలకు వచ్చే పట్నం మిత్రులు చెబుతున్నారు. "మీ దగ్గర ఇంత మంచి సరుకుంది, మార్కెట్ చేసుకోవడం మీకు తెలియడం లేదు" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనం. కానీ ఆ మాటలో "సరుకు" అనే ముక్క కూడా ఉంది. మా పేచీ ఆ ముక్కతోనే.

మేం అంటే ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే కోయ టీచర్లం. రేలా పాడే తల్లుల దగ్గర పెరిగి, టీటీసీ చదివి, ఇప్పుడు డీజే పాటకు ఎగిరే పిల్లలకు పలకా బలపం పట్టిస్తున్నవాళ్లం. ముందు తరం పాట ఎట్లా ఉండేదో విన్నాం, వెనుక తరం చెవిలో ఏం మోగుతున్నదో రోజూ వింటున్నాం. అందుకే ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. పాట అమ్ముడుపోవడం వేరు, పాట బతకడం వేరు. పాటతో నాలుగు రూపాయలు సంపాదించడం తప్పని మేం అనడం లేదు. హక్కు వదులుకుని సంపాదించేది సంపాదన కాదంటున్నాం.

తునికాకుకు ఒక న్యాయం, పాటకు ఒక న్యాయం

మన ఊళ్ల పాటలతో వచ్చే వీడియోల కింద పేర్లు ఒకసారి చదవండి. సంగీతం ఫలానా. ఎడిటింగ్ ఫలానా. కెమెరా, డ్రోన్ ఫలానా. నిర్మాత ఫలానా. రచన దగ్గరికి వచ్చేసరికి "జానపదం" అని ఉంటుంది. దాని పక్కనే "సేకరణ" అని ఇంకొకరి పేరు. డ్రోన్ ఎగరేసినవాడికి పేరుంది. షూటింగుకు బండి ఇచ్చినవాడికి ప్రత్యేక కృతజ్ఞతలు ఉన్నాయి. పాట చెప్పిన ముసలమ్మకు పేరు లేదు. ఆమె ఊరికి పేరు లేదు. ఒక్కోసారి ఆమె భాషకు కూడా పేరుండదు. "ట్రైబల్ సాంగ్" అని రాస్తే పని అయిపోయింది.

సేకరణ అన్న మాట మనకు కొత్తది కాదు. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు సేకరిస్తాం. 50 ఆకులు ఒక కట్ట. కల్లానికి మోసుకుపోయి కల్లేదారుకు లెక్క అప్పజెబుతాం. కట్టకు ఇంత అని ఇస్తారు. అక్కడ సేకరించినవాడు కూలి, ఆకు ఇంకొకరిది. పాట దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. సేకరించినవాడు యజమాని అయ్యాడు, పాటను కని పెంచినవాళ్లు కూలి అయ్యారు. కొన్నిచోట్ల ఆ కూలి కూడా లేదు. ఒక పూట భోజనం, ఒక చీర, ఫోన్లో ఒక ఫొటో. ఆకు దగ్గర ఒక న్యాయం, పాట దగ్గర ఒక న్యాయం. న్యాయం మారింది గాని ఓడేవాళ్లు మారలేదు.

దీనికి చట్టం కూడా తోడుంది. 1957 కాపీరైట్ చట్టం ముందు అడిగే ప్రశ్న, రాసిందెవరు అని. రేలా పాటకు ఎవరి పేరు చెబుతాం? ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. పక్క ఊరికి కోడలుగా పోయిన పిల్ల అక్కడ ఇంకో చరణం కలుపుతుంది. ఇట్లా పెరిగిన పాత పాటకు ఆ చట్టం లెక్కలో యజమాని లేడు. ఎవరైనా వాడుకోవచ్చు. కానీ అదే పాటను ఒకడు రికార్డు చేస్తే ఆ రికార్డింగుకు యజమాని పుడతాడు. ఆ యజమాని పాడినవాళ్లు కాదు, రికార్డు చేయించిన నిర్మాత. ఆ హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంటే తాతల నాటి పాట అనాథ, నిన్న తీసిన రికార్డింగుకు మాత్రం 60 ఏళ్ల పట్టా. భూమి దగ్గర మన పెద్దలు విన్న ప్రశ్న కూడా ఇదే కదా, "నీ దగ్గర కాగితం ఉందా?" అని. భూమికి కనీసం 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి పేరున మారకూడదని రాసుకున్నాం, అమలు కోసం ఇప్పటికీ కొట్లాడుతున్నాం. పాటకు అటువంటి కంచె ఏదీ లేదు.

2012లో చట్టాన్ని సవరించారు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు హక్కులు పెరిగాయి. వాళ్ల ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలని రాశారు. ఈ సంగతి మన గూడేల్లో ఎంతమందికి తెలుసు? తెలియనివాళ్ల ముందుకు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిన కాగితం వస్తుంది. అన్ని హక్కులు, అన్ని మాధ్యమాల్లో, ఎప్పటికీ అని అందులో ఉంటుంది. చదివి వినిపించేవాడు లేడు. అడవిలో ఇప్పపూలు ఏరే వేలు ఆ కాగితం మీద పడుతుంది.

మా బడి ముచ్చట ఒకటి చెబుతాం. పిల్లలు రేలా ఆడుతుంటే ఫోన్లో తీసి పెట్టాం. వెనుక క్యాసెట్ లేదు, స్పీకర్ లేదు, పిల్లల గొంతులే. రెండు రోజులకు నోటీసు వచ్చింది. ఈ వరస ఒక కంపెనీదట, వీడియో మీద వచ్చే ఆదాయం వాళ్లకే పోతుందట. మా వీడియోకు వచ్చే ఆదాయం ఏముంటుంది, సున్నా. కానీ ఆ పిల్లల్లో ఒకతి అడిగింది, "సార్, మా అవ్వ పాట వాళ్లది ఎట్లయింది?" అని. ఆ ప్రశ్నకు జవాబు మా పాఠ్యపుస్తకంలో లేదు. అందుకే ఈ వ్యాసం.

నాలుగు నిమిషాల కొలత

మార్కెట్టు హక్కు ఒక్కటే తీసుకుపోదు, పాట ఒంటిని కూడా కోస్తుంది. రేలా ఎంతసేపు? కాళ్లు నొప్పి పుట్టేదాకా, ఒక్కోసారి కోడి కూసేదాకా. ఒక వరుస ఆడవాళ్లు చేతులు కలిపి ఒక మాట అంటే రెండో వరుస తిప్పి అంటుంది. ఆ రోజు ఎవరి ఇంట్లో ఏం జరిగిందో పాటలోకి వస్తుంది. కొత్త అల్లుడి ఎగతాళి వస్తుంది, రేషన్ డీలరు తూకం వస్తుంది. ఆ పాటకు వినేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు కాదు. అరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా మధ్యలో ఒక మాట అందిస్తాడు.

స్టూడియోకు ఇది పనికిరాదు. నాలుగు నిమిషాల్లో ముగించమంటారు. పల్లవి మొదటి పది సెకన్లలో రావాలంటారు. కోయ మాటలు అర్థం కావు కాబట్టి సగం తెలుగు చేయమంటారు. డోలు మోత సరిపోదు, కింద బీటు వేస్తారు. అందరి గొంతు వద్దు, ఒక గొంతు చాలంటారు. ఆ ఒక గొంతుకు కూడా యంత్రంతో పదును పెడతారు. చివరికి మిగిలేది "రేలా" అన్న మాట ఒక్కటే. టీవీ కార్యక్రమానికి పేరు కావాలన్నా, సినిమా పాటలో అడవి వాసన రావాలన్నా ఆ మాటను చల్లుతారు, కూరలో కొత్తిమీర చల్లినట్టు.

ఇంత చేసినా భాష బతుకుతుందా? లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ తల్లిభాషగా ఉన్నవాళ్లు దేశంలో 29 లక్షలకు పైగా. అది కూడా నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు. కోయ వాళ్లు 4 లక్షల పైచిలుకు. కొలామీ 1 లక్షా 28 వేలు. ఇక ఆన్‌లైన్ కంపెనీల నియమాలు చూడండి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి చూపులు రావాలి. స్పాటిఫై 2024 నుంచి, గడిచిన ఏడాదిలో 1,000 సార్లు కూడా వినని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కలోకే తీసుకోవడం లేదు. కోట్ల మంది మాట్లాడే భాషకు ఈ గీత కాలి కింది గడప. కొలామీలో పాడే పిల్లకు అదే గీత గుట్ట. ఎక్కాలంటే ఏం చేయాలి? కొలామీ వదిలి తెలుగులో పాడాలి. భాషను బతికిస్తుందన్న మార్కెట్టే భాషను వదిలేయమంటుంది. హిట్టయితే భాష బతుకుతుందనే అన్నల్ని మేం అడిగేది ఒక్కటే. ఏ భాషలో హిట్టయితే?

పేరు మనది, వేదిక వాళ్లది

గెలిచిన పాటల ఉదాహరణలు మా ముందు పెడతారు. మేమూ వాటినే చూద్దాం.

2023 మార్చిలో "నాటు నాటు" పాటకు ఆస్కార్ వచ్చింది. మా బడి పిల్లలూ ఎగిరి గంతేశారు. రాసినవారి, బాణీ కట్టినవారి ప్రతిభను మేం తక్కువ చేయడం లేదు. ఆ సినిమా కల్పిత కథ అని వాళ్లే చెప్పుకున్నారు. అయినా తెర మీద ఆ పాటకు చిందేసిన పాత్ర పేరు భీమ్. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన కొమురం భీం పేరు అది. ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది. ఆయన మాట్లాడిన గోండీ ఆ వేదిక ఎక్కలేదు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో ఆయన వర్ధంతి జరుగుతుంది. ఆ రోజు అక్కడ గోండులు తమ భాషలో, తమ వాద్యాలతో ఆయన్ని తలుచుకుంటారు. సంగీత పరిశ్రమ ఎంత గెలిచినా ఆ వాద్యకారుల బతుకులో ఏం మారింది? ఈ ప్రశ్న అడగడం అసూయ కాదు, లెక్క అడగడం.

బిరుదులూ ఇంతే. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి డోలి కోయల కళకు 2022లో వచ్చింది. వాళ్లకు వచ్చిన గౌరవం మనందరిదీ అనుకుని పొంగిపోయాం. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను తెలుగులో, కోయలో గంటల తరబడి చెప్పగలిగినవారు. ఏ గట్టువాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరి వేల్పు ఏదో, పడిగె గుడ్డ మీద బొమ్మలు ఎవరివో డోలి వాళ్ల నోట్లోనే ఉంటుంది. అది మన రెవెన్యూ రికార్డు, మన పురాణం, మన బడి. దాన్ని నేర్చుకునే పిల్లవాడికి నెలకు ఒక్క రూపాయి ఇచ్చే పథకం ఏది? బిరుదు మనిషితో పోతుంది. పాట పోకూడదంటే నేర్పే చోటు ఉండాలి.

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. జాతరకు నెల ముందు నుంచే సమ్మక్క తల్లి మీద కొత్త పాటలు వరుస కడతాయి. వాటిలో భక్తి ఉంటే ఉండవచ్చు. కానీ గద్దెల దారి పొడవునా ట్రాక్టర్ల మీద, దుకాణాల ముందు అవే మోగుతుంటే డోలి చప్పుడు వినపడదు. తల్లి కథను నోట నిలిపినవాళ్ల గొంతు తల్లి జాతరలోనే మునిగిపోతున్నది.

ఇది మన ఒక్కరి కథ కూడా కాదు. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో "ఎంబూబె" అనే పాట రికార్డు చేశాడు. దాని హక్కులు 10 షిల్లింగులకు పోయాయి. ఆ బాణీయే అమెరికా చేరి "ద లయన్ స్లీప్స్ టునైట్" అయింది. డిస్నీ వాళ్ల "ద లయన్ కింగ్" సినిమాలోనూ వినిపించింది. లిండా 1962లో బీదవాడిగానే చనిపోయాడు. కూతుళ్లు కోర్టుకెక్కితే 2006లో రాజీ కుదిరింది. పాట అంతకంటే పెద్ద హిట్టు అవుతుందా? అయినా పాడినవాడి ఇంటి కప్పు మారలేదు.

పాటకు డబ్బు అంటరానిది కాదు

ఇక్కడ ఇంకోరకం పెద్దమనుషులతో కూడా మాకు పేచీ ఉంది. ఆదివాసీ పాట పవిత్రం, దాన్ని అమ్మకూడదు, ముట్టకూడదు అంటారు వాళ్లు. నెలనెలా జీతం తీసుకుంటూ డోలు కొట్టేవాడిని మాత్రం ఉత్త చేతులతో ఉండమంటారు. ఈ మాట మేం ఒప్పుకోం. మన పాటకు, డబ్బుకు పరిచయం పాతదే. భూమి పండుగకు మగవాళ్లు వేటకు పోతే మన ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడి, పాడి, వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం లేదా? ఆర్టీసీ బస్సును కూడా ఆపుతారు. ఆ డబ్బు ఎవరో ఒకరి జేబులోకి పోదు, ఊరి విందుకు పోతుంది. తేడా అక్కడుంది. డబ్బు తీసుకున్నారు, పాటను ఇచ్చేయలేదు.

గోండు అన్నదమ్ముల దండారీని చూడండి. దీపావళి ముందు దండారీ బృందం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరు వాళ్లకు కాళ్లు కడిగి, తిండి పెట్టి, రాత్రి ఉంచుకుంటుంది. మళ్లీ వీళ్లు వాళ్లను పిలుచుకోవాలి. అక్కడే సంబంధాలు కలుస్తాయి, పాత తగాదాలు తెగుతాయి. టిక్కెట్టు లేదు, ఉచితమూ కాదు. తిరిగి ఇవ్వాల్సిన బాకీ ఉంటుంది, ఆ బాకీయే రెండు ఊళ్లను కట్టి ఉంచుతుంది. ప్రధానులు, తోటీలు కిక్రీ వాయిస్తూ గోండు వంశాల గాథ చెబితే ఆ ఇళ్లవాళ్లు ధాన్యం, బట్టలు, పశువులు ఇచ్చేవారు. అందులో గౌరవమూ ఉంది, పైకింది లెక్కా ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ తెమ్మనం. కళాకారుడి కడుపు చూసే బాధ్యత వినేవాళ్లదే అన్న నీతిని మాత్రం తెమ్మంటాం.

జార్ఖండ్‌లో ఊరూరా అఖ్రా అనే ఆట మైదానం ఉండేది. అక్కడ ప్రేక్షకుడు అనేవాడు లేడు, వచ్చినవాడల్లా ఆడాల్సిందే. రాంచీ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన ముండా పండితుడు రామ్ దయాళ్ ముండా తానే డోలు పట్టి ఆడేవాడు. చదువుకున్నవాడు ఆటకు దూరం కానక్కర్లేదని చూపించాడు. ఉత్తర యూరప్‌లో సామి ఆదివాసులకు యోయిక్ అనే పాట ఉంది. ఒక మనిషి మీద కట్టిన యోయిక్ కట్టినవాడిది కాదు, ఎవరి మీద కట్టారో వాళ్లదని వాళ్ల ఆచారం. పాటకు యజమాని అంటే రాసినవాడో, రికార్డు చేసినవాడో కావాలన్న రూలు ఆకాశం నుంచి పడలేదు. వాళ్లు ఇంకోలా అనుకున్నారు. మనమూ అనుకోవచ్చు.

మన చేతిలో ఉన్నవి

చట్టంలో మనకు ఏమీ లేదని కూడా అనలేం. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) ప్రకారం ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సామూహిక హక్కును గుర్తించింది. పోడు పట్టాల కోసం ఈ చట్టాన్ని చేతిలో పట్టుకుని తిరిగాం. అందులోనే పాటకు కూడా చోటుందని మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఇసుక రీచుకు గ్రామసభ తీర్మానం అడుగుతున్నప్పుడు పాటకు ఎందుకు అడగకూడదు?

బడి కూడా మన చేతిలో ఉంది. ఆశ్రమ పాఠశాలల్లో వార్షికోత్సవం వస్తే సినిమా పాటలకు స్టెప్పులు నేర్పడానికి పట్నం నుంచి డ్యాన్సు మాస్టరును పిలిచి డబ్బు ఇస్తారు. ఆ డబ్బుతో నెలకు రెండు రోజులు ఊరి డోలి పెద్దను, రేలా పాడే అవ్వను పిలవండి. దండ వేసి పంపడం కాదు, టీచరుకు ఇచ్చినట్టు గౌరవ వేతనం ఇవ్వండి. మన భాషల్లో వాచకాలు అచ్చయ్యాయి, కోయలో, గోండీలో, కొలామీలో. అచ్చయిన అక్షరానికి గొంతు ఇచ్చేది వీళ్లే.

చానెళ్లు నడిపే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీరు మాకు శత్రువులు కాదు. ఒకప్పుడు రేడియో స్టేషను గడప తొక్కితే గాని మన గొంతు బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు మీ జేబులోనే స్టేషను ఉంది. మీరు సంపాదిస్తే మాకు సంతోషం. కానీ బయటివాడు మనకు చేసింది మనవాడే మన అవ్వకు చేస్తే దాన్ని అభివృద్ధి అనలేం. పేరు రాయండి, ఊరు రాయండి, వాటా ఇవ్వండి. చావు పాటలు, వేల్పుల గాథలు అడగకుండా ముట్టకండి. సంతలో అమ్మేవి కొన్ని ఉంటాయి, ఇంట్లో దేవుడి మూలన ఉండేవి కొన్ని ఉంటాయి. ఆ తేడా మీకు తెలుసు.

చివరగా, ఈ పుస్తకం చదివినవాళ్లు మీ ఊరి వచ్చే గ్రామసభలో పెట్టడానికి వీలుగా ఒక తీర్మానం ముసాయిదా ఇక్కడ ఇస్తున్నాం. మార్చుకోండి, మీ భాషలోకి తిప్పుకోండి.

"మా ఊరి పాటలు, ఆటలు, గాథలు ఊరందరివి. వాటిని వ్యాపారం కోసం రికార్డు చేసేవారు ముందుగా గ్రామసభ అనుమతి తీసుకోవాలి. ఒప్పందం మాకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. పాడినవారి పేరు, గట్టు, ఊరు, భాష తప్పకుండా వేయాలి. పాడిన, వాయించిన ప్రతి ఒక్కరికీ ఆ రోజు కూలి, వచ్చిన ఆదాయంలో వారికీ గ్రామసభ ఖాతాకూ వాటా ఇవ్వాలి. ఎప్పటికీ, అన్ని మాధ్యమాల్లో అనే హక్కు ఎవరికీ ఇవ్వం. గడువు పెట్టి ఇస్తాం. రికార్డింగు ప్రతి ఒకటి మా బడిలో ఉండాలి. మా పిల్లలు మా పాట పాడుకుంటే ఎవరూ అడ్డుచెప్పకూడదు. పూజ పాటలు, చావు పాటలు అమ్మకానికి లేవు."

దీన్ని కోర్టు ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది తర్వాతి సంగతి. జల్ జంగల్ జమీన్ అన్న రోజున కూడా ఏ కోర్టూ ఒప్పుకోలేదు. ముందు మనం ఒప్పుకోవాలి, పాట మనదని.